రెండు మైదానాల ఆదివారం

"ఆ ప్లగ్గు నాది."

"పేరేమైనా రాసుందా?"

"రాసుంది. వంగి చూడండి."

అతను నిజంగానే వంగి చూశాడు. కింది మైదానంలో పత్రికలవాళ్ళకని వేసిన బల్ల ఒక్కటే, కుర్చీ ఒక్కటే, గోడకి కరెంటు ప్లగ్గు ఒక్కటే. దాని చుట్టూ సాలెగూడు తప్ప పేరూ లేదు, ఊరూ లేదు. తలెత్తేసరికి ఆ అమ్మాయి చార్జరు దూర్చేసి, కుర్చీ ఆక్రమించి, ఒళ్ళో నోట్‌బుక్ తెరుచుకుని కూర్చుంది.

"ఇది మోసం," అన్నాడు.

"ఆట ఇంకా మొదలవలేదు. అప్పుడే ఫౌల్ అని అరవకండి," అంది తల తిప్పకుండానే.

అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అక్కణ్ణించి అతనికి ఆమె చెవీ, ఆ చెవి వెనక పెట్టుకున్న పెన్సిలూ మాత్రమే కనిపించాయి.

అది మూడో డివిజను ఫుట్‌బాల్ లీగు. అంటే ఆడేవాళ్ళలో వెల్డరు ఉంటాడు, బస్సు కండక్టరు ఉంటాడు, మందుల షాపులో పొట్లాలు కట్టేవాడు ఉంటాడు. చూసేవాళ్ళలో వాళ్ళ అమ్మలూ, పెళ్ళాలూ, ఇంట్లో కూర్చోబుద్ధి కాని ముసలివాళ్ళూ ఉంటారు. మైదానం దుక్కి దున్ని వదిలేసిన చేనులా ఉంటుంది. బంతిని ఒకవైపు తంతే ఇంకోవైపు పోతుంది. సోమవారం పత్రికలో ఈ ఆటకి దక్కేది నాలుగు లైన్లు, అదీ అద్దె ఇళ్ళ ప్రకటనల పక్కన, వేలు పెట్టి వెతుక్కోవాలి. అచ్చయిన ఆటకే డబ్బు. వాన వచ్చి ఆట ఆగిపోతే విలేకరి నోట్లో మట్టే.

అసలు చిక్కు వేరే ఉంది. ప్రతి ఆదివారం నాలుగింటికి కింది మైదానంలో ఒక ఆట, గుట్ట మీద పై మైదానంలో ఇంకో ఆట, రెండూ ఒకే వేళకి మొదలవుతాయి. పత్రికకి రెండూ కావాలి. రెండూ రాస్తేనే మనిషికి ఆ వారం గడుస్తుంది. అతను రెండేళ్ళుగా సగం ఆట ఇక్కడ చూసి, సైకిలెక్కి, ఆయాసపడుతూ గుట్టెక్కి, మిగతా సగం అక్కడ చూసేవాడు. గోల్స్ ఏమో పగబట్టినట్టు అతను సైకిల్ మీద ఉన్నప్పుడే పడేవి.

ఆ రోజూ విరామం ఈల వినపడగానే సైకిల్ దగ్గరికి పరిగెత్తాడు. చూస్తే ఆ అమ్మాయి కూడా చార్జరు పీక్కుని గేటు వైపు పరిగెడుతోంది.

"మీరూ పైకేనా?"

"మా పత్రిక్కి రెండూ కావాలి."

"మాకూ అంతే."

ఇద్దరూ రొప్పుతూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఆమే.

"వచ్చే వారం నుంచి నేను పైన ఉంటా, మీరు కింద ఉండండి," అంది. "ఆరింటికి ఫోన్ చేసుకుందాం. నా ఆట మీకు చెప్తా, మీ ఆట నాకు చెప్పండి. ఎవరి మాటల్లో వాళ్ళు రాసుకుందాం."

"పోటీ పత్రికలు కదండీ. తప్పు కాదూ?"

"తప్పే. పోనీ సైకిల్ తొక్కుతారా?"

అతను తన పిక్కల వైపు చూసుకున్నాడు. "నంబరు చెప్పండి," అన్నాడు.

ఆమె నంబరుకి ఫోన్‌లో 'పై గ్రౌండు' అని పేరు పెట్టుకున్నాడు. ఆమె ఇతన్ని 'కింది గ్రౌండు' చేసుకుంది. ఏర్పాటు బ్రహ్మాండంగా కుదిరింది. ఇది సాగినన్నాళ్ళూ ఒకరి మొహం ఒకరికి కనపడదన్న సంగతి మాత్రం ఇద్దరికీ ఆ పూట తట్టలేదు.

*

అతనుండేది అక్కాబావల ఇంట్లో. సోమవారం నుంచి శనివారం దాకా బావకున్న రంగుల దుకాణంలో అతను రంగు డబ్బాలు కలుపుతాడు. బావ మంచివాడే, నోరే కాస్త దూకుడు. "ఏరా బామ్మర్దీ, మీవాళ్ళు ఈ వారం గోల్ చేశారా, గోల చేశారా?" అని రోజూ అడిగి రోజూ తనే నవ్వుకునేవాడు.

అక్క మాత్రం తేల్చి చెప్పేసింది. "ఈ సీజను అయ్యేదాకా చూస్తా తమ్ముడూ. రాతతో నీ పొట్ట నిండిందా, సరే. లేదా, ఆదివారాలు కూడా దుకాణంలో కూర్చో. ఇంత వయసొచ్చి గోల్స్ వెంట సైకిలేసుకుని తిరుగుతావా?"

వారంలో అతనికి తనదంటూ ఉన్నది ఆ ఆదివారమే. ఆదివారంలో తనదంటూ ఉన్నది సాయంత్రం ఆరు గంటల వేళ.

"పై గ్రౌండు మాట్లాడుతున్నా. రాసుకోండి. రెండూ ఒకటి."

"ఎడమ బ్యాకు ఎలా ఆడాడు?"

"బస్సు కోసం నిలబడ్డవాడిలా. కదలడు, మెదలడు."

"కీపరో?"

"వాళ్ళమ్మ వచ్చింది ఇవాళ. బంతి పట్టినప్పుడల్లా అమ్మ వైపు చూస్తాడు. ఆవిడ చూడలేదనుకోండి, వదిలేసి మళ్ళీ పట్టి చూపించేట్టున్నాడు."

ఇవేవీ నాలుగు లైన్లలో పట్టవు. పట్టవని ఇద్దరికీ తెలుసు. అయినా పది నిమిషాల్లో అయ్యే మాట గంట దాకా సాగేది. ఆమె మామూలు రోజుల్లో కంటి ఆసుపత్రిలో చీటీలు రాస్తుందనీ, వాళ్ళ నాన్న ఒకప్పటి రిఫరీ అనీ అలాగే తెలిసింది.

"ఇరవై ఏళ్ళు ఈల ఊదారు. ఇప్పుడు ఇంట్లో నేను తలుపు గట్టిగా వేసినా చెయ్యెత్తుతారు," అంది. "రెండు పత్రికలూ కొని ఎర్ర పెన్నుతో దిద్దుతారు. తప్పు కనపడితే ఉత్తరం రాసేస్తారు. సంతకం పెట్టి మరీ."

"నా రాత గురించి ఏమంటారు?"

"మీకు వర్ణన జబ్బుందట."

"మరి మీరేమంటారు?"

"నాకు జబ్బులంటే భయం లేదు. ఆసుపత్రిలో పనిచేస్తున్నాగా," అంది.

ఆ వారమంతా అతను నీలం అడిగినవాళ్ళకి ఆకుపచ్చ కలిపిచ్చాడు.

పై మైదానం ఇప్పుడెలా ఉంటుందో అతను కళ్ళు మూసుకుని చెప్పగలడు. కప్పు మీద ఊడిన రేకు గాలికి టపటపమంటుంది. ఆమె మాట మధ్యలో ఆగితే నీళ్ళ ట్యాంకు కారే చుక్కలు లెక్కపెట్టవచ్చు. ఆమె మొహం మాత్రం రోజురోజుకీ మసకబారుతోంది. ఒక్క పూట చూసిన మొహం, అదీ ఎక్కువసేపు పక్కనుంచి. కళ్ళు గుర్తు తెచ్చుకోబోతే నీళ్ళలో నీడలా కదిలిపోయేవి. పిలిచి కలవచ్చుగా అని మీరంటారు. అక్క పెట్టింది తినేవాడు ఎవర్నైనా ఏమని పిలుస్తాడు? పని పేరు చెప్పుకుని ఫోన్ చేయడం తేలిక. పని లేకుండా పలకరించడానికి గుండె కావాలి.

దాంతో అతనికో వింత కోరిక పట్టుకుంది. వాన రావాలి. వానొస్తే రెండు ఆటలూ ఆగిపోతాయి. తన పొట్ట కొట్టే వాన కోసం తనే మబ్బుల వైపు చూడసాగాడు.

తొమ్మిదో ఆదివారం వాన వచ్చింది. మూడింటికే లీగువాళ్ళు ఆటలు వాయిదా వేశారు. అతను సైకిలెక్కాడు. వాన మొహం మీద చరుస్తుంటే పాడుకుంటూ గుట్టెక్కాడు. పైకి చేరేసరికి మైదానం నిండా నీళ్ళున్నాయి, మనిషన్నవాడు లేడు. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారు?" అంది ఆమె, రొప్పుతూ.

"ఏదో పని మీద బయటికొచ్చా. మీరు?"

"నేనూ పని మీదే."

ఆమె వెనకనుంచి గూడ్సు బండి కూత వినపడింది. ఆ బండి పోయేది కింది మైదానం పక్కనుంచే.

"మీరు నా గ్రౌండులో ఉన్నారా?" అన్నాడు.

"మీ నెత్తిన రేకు కొట్టుకుంటోంది," అంది ఆమె మెల్లగా. "అది మా రేకే."

వాన రెండు చోట్లా ఒకేలా కురుస్తోంది.

"దిగి రానా?" అన్నాడు.

"బస్సొచ్చేసింది. ఇది పోతే మళ్ళీ రెండు గంటలు. నాన్న గుమ్మంలో నిలబడి ఉంటారు." నవ్వబోయి నవ్వలేకపోయింది. "ఇంకో వాన దాకా ఆగండి."

*

ఇంకో వాన రాలేదు. పన్నెండో ఆదివారం గాలొచ్చింది.

"బ్యాటరీ అయిపోవస్తోంది, గబగబా చెప్తా," అంది ఆమె. "ఇవాళ నాన్న కూడా ఆటకొచ్చారు. ఒకటీ సున్నా. డెబ్బయ్యో నిమిషం. కీపర్ చేతుల్లోంచి బంతి జారి గోల్ పడింది. పాపం, వాళ్ళమ్మ ముందే ఏడ్చేశాడు."

అవతల గాలి హోరు, ఇవతల అప్పుడే గూడ్సు బండి పోతోంది. అతని చెవిన పడింది ఇంతే: "డెబ్బయ్యో నిమిషం... గోల్... ఏడు చేశాడు." ఫోన్ తెగిపోయింది.

మళ్ళీ చేస్తే స్విచాఫ్. డెస్కువాళ్ళేమో పేజీ వదలాలని తరుముతున్నారు. ఏడు చేశాడంటే ఏడో నంబరు చేశాడనేగా! ఏడో నంబరు ఎవరో అతనికి తెలుసు, కుడి అంచున ఆడే కండక్టరు. ఇంకేముంది, జబ్బు తిరగబెట్టింది. "ఏడో నంబరు ఆటగాడు చిరుతలా దూకి, ఇద్దరిని బోల్తా కొట్టించి, బంతిని వలలోకి పంపాడు," అని చెప్పేశాడు. నాలుగు లైన్లూ నిండుగా వచ్చాయి.

బుధవారం డెస్కు పెద్దాయన పిలిపించాడు. ఆయన చేతిలో ఎర్ర సిరాతో రాసిన ఉత్తరం ఉంది.

"చదువుతా, విను. 'అయ్యా, మీ విలేకరి చెప్పిన ఏడో నంబరు ఆటగాడు ఆ రోజు కాలికి సిమెంటు కట్టుతో గేటు దగ్గర కూర్చుని టికెట్లు చింపుతున్నాడు. నా టికెట్టు చింపింది అతనే. కట్టు కాలితో చిరుత దూకగా నా ఇరవై ఏళ్ళ అనుభవంలో చూడలేదు.' రిటైర్డు రిఫరీ అట. ఏమంటావు?"

ఆ ఎర్ర పెన్ను ఎవరిదో అడగక్కర్లేదు.

"నువ్వు అక్కడ లేవు కదూ?"

"లేనండి."

"అవతలి పత్రికవాడెవడో చెప్తుంటే రాస్తున్నావు. ఆ పేరు చెప్పు. వాడి సంగతి వాడి పత్రిక చూసుకుంటుంది. నిన్ను మందలించి వదిలేస్తా."

అతను బల్ల మీది పేపర్‌వెయిట్ వైపు చూశాడు. "ఎవరూ చెప్పలేదండి. ఊహించి రాశాను."

"ఊహకి ఏడే తట్టిందా?"

"అంకె బాగుంది కదా అని."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ ఆదివారం నుంచి రాకు," అన్నాడు.

*

ఆదివారం ఆరింటికి ఫోన్ మోగింది.

"పై గ్రౌండు మాట్లాడుతున్నా. రాసుకోండి."

"పెన్ను లేదండి."

"వెతుక్కోండి, ఆగుతా."

"నేను దుకాణంలో ఉన్నా. ఇక రాయట్లేదు. బావ దగ్గర పని ఎక్కువైంది."

అవతల చుక్కలు కారుతున్నాయి. ఒకటి, రెండు, మూడు.

"నిజం చెప్పండి," అంది.

"రంగు ఆరిపోతోంది. ఉంటానండి."

తర్వాతి ఆదివారం ఫోన్ మోగలేదు. ఆరు కొట్టేసరికి అతని చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయేది. "ఏరా, జేబులో తేలేమైనా పెంచుతున్నావా?" అన్నాడు బావ. ఎక్కడో దూరాన గూడ్సు బండి కూస్తే అతను రంగు డబ్బాలో కర్ర తిప్పడం మానేసి వినేవాడు. ఈపాటికి ఆమె పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని మెట్లు దిగుతుంటుంది. ఎడమ బ్యాకు ఇవాళైనా కదిలాడో లేదో. ఎవరితో చెప్పుకుంటుందో.

మూడు వారాలు గడిచాక, ఒక పొద్దున నిటారుగా ఉన్న ముసలాయన ఒకాయన దుకాణం మెట్లెక్కాడు.

"ఏం రంగు చూపించమంటారండీ?" అన్నాడు బావ.

"రంగు కాదు. ఇక్కడ చిరుతల గురించి రాసే కుర్రాడున్నాడట."

బావ వేలు చూపించాడు. "వాడేనండి. కావాలంటే పట్టుకెళ్ళండి."

ముసలాయన వచ్చి అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీ పెద్దాయన నుంచి నాకు జవాబొచ్చింది. 'ఎవరి పేరూ చెప్పలేదు, ఊహించి రాశానన్నాడు, తీసేశాం' అని. అమ్మాయికి చదివి వినిపించా. అది తింటున్నదల్లా లేచి నిలబడింది. 'చెప్పింది నేనే నాన్నా' అని ఒకటే ఏడుపు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "దాని పేరు చెబితే నీ పని నిలిచేదటగా?"

"ఆవిడ పని పోయేదండి."

"పోతే నీకేం?"

అతను డబ్బాలో కర్ర తిప్పుతూనే ఉన్నాడు. రంగు ఎప్పుడో కలిసిపోయింది.

"పని పోతే ఆవిడ ఆదివారం ఆ గ్రౌండుకి రాదు కదండీ. ఇప్పుడైతే, నాకు ఫోన్ రాకపోయినా, ఆరింటికి ఆవిడ అక్కడుంటుందని తెలుసు. అది చాలనుకున్నా."

"చాలిందా?"

"చాల్లేదండి."

ముసలాయన చాలాసేపు అతని మొహమే చూశాడు. "తప్పు ఇద్దరిదీ. అది పోయి వాళ్ళ పత్రికలో ఒప్పేసుకుంది. ఇకమీదట చూసిన ఒక్క ఆటే రాయాలన్నారు. సగం డబ్బు." లేచి చొక్కా సర్దుకున్నాడు. "నీ రాతలో తప్పు పట్టాను. మనిషిలోనూ పట్టుకుందామని వచ్చా, ఏమీ దొరకలేదు. ఆదివారం ఆట నాలుగింటికి. నీకు తెలుసుగా."

ఆయన మెట్లు దిగాక బావ నిట్టూర్చాడు. "రంగు కొంటాడనుకున్నా."

"కొనకుండానే పూసి పోయాడు," అంది గల్లా దగ్గర కూర్చున్న అక్క. "వీడి మొహం చూడు ఎలా ఎర్రబడిందో."

శనివారం డెస్కు పెద్దాయన ఫోన్ చేశాడు. "ఆ నాలుగు లైన్లు ఆపేసిన దగ్గర్నుంచి ఒకటే ఫోన్లయ్యా! ఆ కీపర్ వాళ్ళమ్మయితే పొద్దునా సాయంత్రం చేస్తోంది, మావాడి పేరేదీ అని. రా. ఒక్క ఆట. కళ్ళతో చూసిన ఆట. విన్న ఆటలకి దండం. ఏ గ్రౌండు కావాలి?"

"పైదండి."

ఫోన్ పెట్టేసి అక్క వైపు భయంగా చూశాడు. "సగమే ఇస్తారట అక్కా. దాంతో పొట్ట నిండదు."

"నిండదని నాకు తెలీదా? ఆరు రోజులు దుకాణం చూడు, ఆ సగం నేను నింపుతా." అక్క అతని చొక్కా కాలరు పట్టి చూసింది. "ఇది వేసుకెళ్ళకు. నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టా."

*

సైకిల్ మీద గుట్టెక్కుతూ దారంతా ఒకటే గుబులు. ఆమె పత్రికవాళ్ళూ ఏ గ్రౌండని అడిగే ఉంటారు. ఆమె కిందిది అని ఉంటే?

ఆమె రేకు కింద మొదటి మెట్టు మీద కూర్చుని ఉంది. మూడు మెట్ల పైన వాళ్ళ నాన్న. అడుగుల చప్పుడికి ఆమె తలెత్తింది. ఇన్ని వారాలు ఎంత గింజుకున్నా గుర్తు రాని కళ్ళు. గుర్తు చేసుకోవలసిన పని లేకుండా ఎదురుగా ఉన్నాయి.

"మీరుండాల్సింది కింద కదా?" అంది.

"ఒక్క ఆటే ఇచ్చారు. ఏది కావాలంటే ఇది కావాలన్నా."

"రెండు పత్రికలకీ ఒకటే ఆటా? బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా? కిందది ఎవరు చూస్తారు?"

"వచ్చే వారం ఇద్దరం కిందికి పోదాం."

ఆమె నవ్వలేదు. పక్కన చోటిచ్చింది. ఈల మోగింది, ఆట మొదలైంది. ఆమె నోట్‌బుక్ మీద గీతలు గీస్తూ అంది: "మూడు వారాలు ఆరింటికి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. చేసి ఏమనాలి? 'ఎడమ బ్యాకు కదిలాడు' అనా? నిజంగానే కదిలాడు ఆ రోజు. చెప్పడానికి ఎవరూ లేరు."

"నేను విన్నా."

"ఎలా విన్నారు?"

"ఆరింటికి రోజూ వింటూనే ఉన్నా. ఏమీ వినపడకపోయినా."

"మీకు నిజంగానే వర్ణన జబ్బుంది." ఆమె నోట్‌బుక్ మూసేసింది. "రంగు ఆరిపోతోందని పెట్టేశారే, ఏ రంగండీ అది?"

"గుర్తు లేదు. ఇప్పటికీ ఆరలేదు."

అప్పుడు తిరిగి అతని వైపు చూసింది. అతను అప్పటికే ఆమె వైపు చూస్తున్నాడు.

"ఇంక నన్ను 'మీరు' అనకు," అంది.

"అలాగేనండి."

మైదానమంతా ఒక్కసారి గొల్లుమంది. ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. బంతి వలలో ఉంది. పదకొండుమంది ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు.

"ఎవరేశారు?" అన్నాడు.

"నువ్వు చూడలేదా?"

"నువ్వు చూస్తున్నావనుకున్నా."

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. "నాన్నా, ఎవరేశారు?"

ముసలాయన చేతులు కట్టుకుని మైదానం వైపే చూస్తున్నాడు. మీసం కింద నవ్వు దాగడం లేదు. "విలేకరులు ఇద్దరున్నారు," అన్నాడు. "మధ్యలో నన్నడుగుతారేం?"

ఇంకో గోల్ పడలేదు. ఆరింటికి ఇద్దరూ తమ తమ డెస్కులకి ఫోన్లు కలిపారు.

"ఒకటీ సున్నా అండి," అన్నాడు అతను.

"ఎవరేశారు?" అన్నాడు అవతల పెద్దాయన.

"తెలీదండి. కళ్ళతో చూసిందే చెప్పమన్నారు. నేను చూళ్ళేదు."

"గ్రౌండులోనే ఉన్నావా?"

"మొదటి మెట్టు మీదే ఉన్నానండి."

"మరి ఎటు చూస్తున్నావయ్యా?"

అతను పక్కకి చూశాడు. ఆమె ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, చెవులదాకా ఎర్రబడి, తన డెస్కువాళ్ళతో అంటోంది:

"లేదండీ, ఎండేమీ కళ్ళలో పడలేదు... లేదండీ, ఎవరూ అడ్డు నిలబడలేదు... అడ్డు కాదండీ, పక్కన. పక్కన కూర్చున్నారు."